ఇంగ్లీషు పాట నోటికి వస్తుంది, అందులోని మాట ఎందుకు రాదు?

ఒక ఇంగ్లీషు మేడం గారు రాసి పంపిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: జిల్లా పరిషత్ హైస్కూల్లో 9వ తరగతికి ఇంగ్లీషు చెబుతున్నారు. పదాలు బట్టీ పట్టించి విసుగొచ్చి, ఫోన్లో ఇంగ్లీషు పాటలు పెట్టి, లిరిక్స్‌లో ఖాళీలు వదిలిన జిరాక్స్ కాగితాలు పంచుతున్నారు. పిల్లలు హుషారుగా పాడుతున్నారు, ఖాళీలూ నింపుతున్నారు. వారం తర్వాత అవే పదాలతో ఒక వాక్యం రాయమంటే మాత్రం తెల్లమొహం వేస్తున్నారు. అసలు పదాలు నేర్పడానికి పాటలు పనికొస్తాయా, ఏ పాటలు తీసుకోవాలి, ఎలా చెప్పాలి?

పనికొస్తాయి. కాకపోతే పాట పని ఎక్కడిదాకా, టీచరు పని ఎక్కడి నుంచి అన్నది తేల్చుకోకపోతే ఫలితం మీరు చెప్పినట్టే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను, ఇప్పుడు టీచర్ల ట్రైనింగుల్లో తిరుగుతుంటాను. పాటలు వాడే టీచర్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "క్లాసు బ్రహ్మాండంగా జరిగింది సార్, తర్వాత చూస్తే ఏమీ మిగల్లేదు."

ఎక్కాలు గుర్తు తెచ్చుకోండి. ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ని ఏడెనిమిదులు ఎంతరా అని అడిగితే, ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి లోపల్లోపల గొణుక్కుంటూ వస్తాడు. పాటలో మాట కూడా అలాగే వరసలో ఇమిడిపోయి ఉంటుంది. ముందు మాట అంటే వెనక మాట దానంతటదే వస్తుంది, విడిగా పిలిస్తే పలకదు. మీ జిరాక్స్ కాగితంలో ఖాళీ నింపడం కూడా ఆ వరసలోనే జరుగుతోంది. చెవిన పడింది, రాశాడు. అది వినికిడికి పెట్టిన పరీక్ష. అర్థం ఒక్క ముక్క తెలియకపోయినా పదికి పది తెచ్చుకోవచ్చు.

పరిశోధనలు కూడా కాస్త జాగ్రత్తగా చదివితే ఈ మాటకి దగ్గరగానే ఉంటాయి. టిమ్ మర్ఫీ అనే పరిశోధకుడు 50 ఇంగ్లీషు పాప్ పాటల భాషని పరిశీలించి 1992లో టీసోల్ క్వార్టర్లీ అనే పత్రికలో రాశారు. చిన్న చిన్న మాటలు, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు, రోజువారీ సంభాషణకి దగ్గరగా ఉండే మాటలు ఆ పాటల్లో కనిపించాయి. వేగం మామూలు మాటల వేగంలో సుమారు సగం. ఇంకో గమనిక నాకు చాలా ఉపయోగపడింది: పాటల్లో నేను, నువ్వు అనేవి తెగ వస్తాయి, ఆ నేను ఎవరో, ఎక్కడున్నాడో, ఎప్పటి సంగతో మాత్రం చెప్పరు. అందుకే వినేవాడు ఆ చోట్లో తనని కూర్చోబెట్టుకుంటాడు. క్లాసులో దీన్ని ఎలా వాడుకోవచ్చో కిందకి వచ్చాక చెబుతాను.

ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్లు 60 మంది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. హంగేరియన్ భాష అసలు రానివాళ్లకి 15 నిమిషాల పాటు చిన్న చిన్న హంగేరియన్ మాటలు నేర్పారు. ఒక జట్టు మామూలుగా పలికింది, ఒక జట్టు లయతో పలికింది, ఒక జట్టు పాడింది. తర్వాత చూస్తే పాడినవాళ్లే ఆ మాటలు బాగా తిరిగి చెప్పగలిగారు. పాటలు వాడే టీచర్లంతా ఈ ఫలితాన్ని గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. ఒక్క సంగతి మాత్రం మర్చిపోతారు: నేర్చుకున్న మాటని కొత్త సందర్భంలో పెట్టి వాడగలరా అన్నది ఆ ప్రయోగం అడిగిన ప్రశ్నే కాదు. అంతకుముందు 1990ల మొదట్లో సుజాన్ మెడీనా అనే ఆవిడ, స్పానిష్ మాట్లాడే రెండో తరగతి పిల్లలకి ఒకే ఇంగ్లీషు కథని కొందరికి పాటగా, కొందరికి మాటగా వినిపించి చూశారు. కొత్త పదాలు నేర్చుకోవడంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కథ చెప్పడం బాగా వచ్చిన టీచరు పాట రాదని బాధపడనక్కర్లేదని దీన్నిబట్టి నేను అనుకుంటాను.

ఇక పాటల ఎంపిక. ఇక్కడ ముందుగా అడగాల్సింది, పాపులర్ ఎవరికి అని. విదేశాల్లో ఈ విషయం మీద రాసేవాళ్ల లెక్క వేరు. వాళ్ల విద్యార్థులు బయట ఎఫ్‌ఎం రేడియోలోనో ఇయర్‌ఫోన్లలోనో ఆ పాటలు వింటూనే క్లాసుకి వస్తారు. మన మండల కేంద్రంలో 9వ తరగతి పిల్లాడికి పాపులర్ అంటే మొన్న రిలీజైన సినిమా పాట, పెళ్లి బరాత్‌లో డీజే వేసే పాట. ఇంగ్లీషు హిట్ పాట అంటే అతనికి బాణీ కొత్త, గొంతు కొత్త, యాస కొత్త, అందులోని జీవితం కూడా కొత్త. అన్ని కొత్తల మధ్య కొత్త పదం ఎక్కడ నిలుస్తుంది? అందుకే మొదటి పాటగా, బాణీ అయినా ముందే తెలిసినది తీసుకోమంటాను.

అలాంటిది ఒకటి మీ స్కూల్లోనే ఉంటుంది: వీ షల్ ఓవర్‌కమ్. గిరిజా కుమార్ మాథుర్ హిందీలో చేసిన హమ్ హోంగే కామ్‌యాబ్ రూపంలో ఆ బాణీ ఆగస్టు 15కో జనవరి 26కో పిల్లలు పాడే ఉంటారు. అమెరికాలో నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమంలో మార్మోగిన పాట. 2018లో కోర్టు వ్యవహారం తేలాక ఇది ఎవరైనా వాడుకోవచ్చు, హక్కుల గొడవ లేదు. వేగం తక్కువ, పదాలు తక్కువ. ఓవర్‌కమ్, అఫ్రెయిడ్, హ్యాండ్ ఇన్ హ్యాండ్, డీప్ ఇన్ మై హార్ట్, సమ్‌డే. ఐదూ పనికొచ్చేవే. ఆ పాటలో ఓవర్‌కమ్ తర్వాత ఏమీ ఉండదు, దేన్ని అధిగమిస్తామో చెప్పరు. అక్కడే మీకు పని దొరుకుతుంది. వాట్ డు యు వాంట్ టు ఓవర్‌కమ్ అని అడిగితే స్టేజ్ ఫియర్ అంటాడొకడు, మ్యాథ్స్ అంటుందొకమ్మాయి, బద్ధకానికి ఇంగ్లీషులో ఏమంటారు మేడం అని అడుగుతాడు ఇంకొకడు. పాటలో లేని మాట కోసం పిల్లాడు చెయ్యెత్తాడంటే క్లాసు దారిలో పడినట్టే.

తర్వాతి పాటలకి నా పద్ధతి ఇది. లిరిక్స్ కాగితం మీద పెట్టుకుని, బాణీ మర్చిపోయి, ఉత్తరం చదివినట్టు గట్టిగా చదవండి. మాట్లాడే మాటల్లా వినపడితే పనికొస్తుంది. వాక్యం తలకిందులైనా, ప్రతి లైనులో ఒక ఉపమానం తగిలినా పక్కన పెట్టేయండి. ర్యాప్ అసలొద్దు, ఆ వేగం మన పిల్లల చెవికి అందదు. పాట చివరిదాకా చదవకుండా మాత్రం క్లాసులోకి తీసుకెళ్లకండి. సుజాన్ వేగా 1987 ఆల్బమ్‌లో ఉన్న టామ్స్ డైనర్ చూడండి. వాయిద్యాల్లేకుండా ఒక్క గొంతు, సిట్టింగ్, వెయిటింగ్, లుకింగ్, షేకింగ్ అంటూ ప్రెజెంట్ కంటిన్యువస్‌కి ఇంతకంటే మంచి పాట దొరకదని టీచర్లందరూ ఎత్తుకుంటారు. నిజమే, కానీ నడుమ ఒకావిడ స్కర్టు, మేజోళ్లు సర్దుకునే చోటు వస్తుంది. 9వ తరగతిలో అది మొదలవగానే వెనక బెంచీల్లో గోల మొదలవుతుంది. మొదటి సగం వాడుకుని ఆపేయండి. ప్రేమ పాటల సంగతీ అంతే. అవి తప్పని నేననను, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి కూర్చున్న క్లాసులో పదం మీదకి ధ్యాస పోదు, అంతే. డిగ్రీలో ఆ ఇబ్బంది ఉండదు.

పాత పాటలంటే చిన్నచూపు అక్కర్లేదు. 1956లో హిచ్‌కాక్ సినిమాలో డోరిస్ డే పాడిన కే సెరా సెరా ఇప్పటికీ విల్ అనే మాటకి మంచి పాఠం. మన దగ్గర భానుమతి గారు తోడు నీడ సినిమాలో ఇదే పాట పాడారు. పిల్లలకి ముందు ఆ గొంతు వినిపిస్తే, ఇంగ్లీషు పాట అంటే ఎక్కడో వాళ్లది అన్న బెరుకు సగం పోతుంది.

ఇప్పుడు ఒక పాటని క్లాసులో ఎలా నడపాలో కొంచెం వివరంగా చెబుతాను. బ్రూనో మార్స్ 2010లో పాడిన కౌంట్ ఆన్ మీ తీసుకుందాం. స్నేహం పాట, ప్రేమ గొడవ లేదు, గొంతు స్పష్టంగా ఉంటుంది, గిటారు తప్ప పెద్ద హడావిడి లేదు.

పాట మొత్తంలో ఒక ఐదు మాటలు చాలు. ఇంకా ఉన్నాయి కదా అని ఆశపడొద్దు. నేనైతే ఇవి తీస్తాను: కౌంట్ ఆన్, స్టక్, రిమైండ్, ఫాల్ అస్లీప్, ఇన్ నీడ్. ఒంటరి పదాలు తక్కువ, జంటలే ఎక్కువ, గమనించారా? ఫాల్ అంటే పడటం అని వచ్చు, అస్లీప్ అంటే నిద్ర అని వచ్చు, రెండూ కలిపి వాడటమే రాదు. ఐ వాజ్ స్లెప్ట్ అని రాస్తారు. పాట ఆ జంటని విడదీయకుండా చెవిలో వేస్తుంది. పాటల వల్ల నాకు కనిపించిన పెద్ద లాభం ఇదే.

పాట పెట్టే ముందే, అంటే మొదటి పీరియడ్‌లో సగం దాకా, ఆ ఐదు మాటలతో మీ ఊరి వాక్యాలు చెప్పండి. బస్సు బురదలో దిగబడింది: ది బస్ గాట్ స్టక్ ఇన్ ద మడ్. ఇక్కడ ఒక మాట. మన తెలుగులో ఫైలు స్ట్రక్ అయిపోయింది, లిఫ్ట్‌లో స్ట్రక్ అయ్యాం అనడం అలవాటైపోయింది. చదువుకున్నవాళ్లూ అంటారు. స్ట్రక్ అంటే కొట్టడం, తగలడం అని బోర్డు మీద రాసి చెబితే పిల్లలు తలూపుతారు, బయటికెళ్లి మళ్లీ స్ట్రక్ అంటారు. పాటలో సముద్రం మధ్యలో ఇరుక్కుపోయినా నీకోసం వస్తానంటూ స్టక్ అని సాగదీసి పాడే చోట మాత్రం ర లేదని చెవికే తెలిసిపోతుంది. ఆ లైను నాలుగుసార్లు పాడిన పిల్లాడు తర్వాత స్ట్రక్ అంటే పక్కవాడే సరిచేస్తాడు.

రిమైండ్ కూడా అలాంటిదే. గుర్తుండటం, గుర్తు చేయడం మనకి తెలుగులో ఒకే మాట చుట్టూ తిరుగుతాయి కాబట్టి, రేపు గుర్తు చెయ్యండి అనడానికి ప్లీజ్ రిమెంబర్ మీ టుమారో అంటుంటారు. ఈ పాటలో నువ్వు మర్చిపోతే రోజూ నేను గుర్తు చేస్తాను అన్న అర్థంలో ఫర్గెట్, రిమైండ్ రెండూ పక్కపక్క లైన్లలో వస్తాయి. ఎవరు మర్చిపోతున్నారు, ఎవరు గుర్తు చేస్తున్నారు అని ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి చూపించండి. బోర్డు మీద నిర్వచనం రాయాల్సిన పని ఉండదు.

తర్వాత పాట. మొదటిసారి కాగితం ఇవ్వకండి. ఒకటే ప్రశ్న: ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారు? మర్ఫీ చెప్పిన ఊరూ పేరూ లేని నేను ఇక్కడ అక్కరకొస్తాడు. అన్న తమ్ముడితో అంటున్నాడని ఒకరు, హాస్టల్లో ఫ్రెండ్ అంటున్నాడని ఒకరు, అమ్మ అంటోందని ఇంకొకరు. అన్నీ ఒప్పే. కారణం చెప్పమనండి, చెప్పేటప్పుడు వద్దన్నా పాటలో మాటలు వాడతారు. రెండోసారి కాగితం ఇవ్వండి. ఖాళీలు కావాలంటే పెట్టుకోండి, కానీ ఎక్కడపడితే అక్కడ వద్దు. జంటలో ఒక సగం ఉంచి రెండో సగం తీసేయండి. కౌంట్ అని ఉంచి ఆన్ తీసేయండి. కౌంట్ అంటే లెక్కపెట్టడమనే మన పిల్లలకి తెలుసు. ఆన్ చేరేసరికి భరోసా పెట్టుకోవడం అవుతుందని ఆ ఖాళీ దగ్గరే ఆగి ఆలోచిస్తారు. మూడోసారి పాడుతూ మధ్యలో మీరు పాట ఆపేయండి, వాళ్లు అందుకోవాలి. ఇది వాళ్లకి మహా సరదా.

చాలామంది క్లాసు ఇక్కడితో ముగుస్తుంది. అసలు క్లాసు ఇక్కడ మొదలవుతుంది. మర్నాడు పాట పెట్టకండి. పాడనివ్వకండి కూడా. నిన్నటి లైను చట్రం మాత్రం బోర్డు మీద రాయండి: ఇఫ్ యు ఆర్ స్టక్ ఇన్ అని రాసి ఖాళీ వదలండి, కింద ఐ విల్ అని రాసి ఖాళీ వదలండి. గుంపులుగా నింపమనండి. రైల్వే గేటు దగ్గర ఇరుక్కుంటే బండి తిప్పుకొస్తానని ఒకరు, ఎగ్జామ్ హాల్లో ఇరుక్కుంటే పెన్నిస్తానని ఒకరు, ఆన్సర్ చూపిస్తానని మరొకరు. నవ్వుకోనివ్వండి. ఇలా ప్రతి గుంపూ ఒక చరణం తయారుచేశాక అప్పుడు బాణీ కట్టి పాడమనండి. మాట పాటలోంచి బయటికొచ్చి వాళ్ల ఊరు చూసి మళ్లీ పాటలోకి వెళ్లింది. మూడు నాలుగు రోజుల తర్వాత ఇంకో పాఠం చెబుతూ మధ్యలో, ఏ సందర్భమూ లేకుండా, హూ డు యు కౌంట్ ఆన్ అని ఒకర్ని అడగండి. వారం దాటాక మళ్లీ ఒకసారి. ఎడం ఇచ్చి ఇచ్చి అడిగితేనే మాట నిలుస్తుందని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒకే రోజు ఇరవైసార్లు పాడించడం కంటే ఇది మేలు.

ఇంతా కలిపి ఒక పాటకి రెండు పీరియడ్లు, తర్వాత అక్కడక్కడా ఐదేసి నిమిషాలు. నెలకి ఒకటి, మహా అయితే రెండు పాటలు. అంతకుమించి వద్దు.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు కానీ పదం నేర్పడంలో అదీ భాగమే. విన్నప్పుడు పోల్చుకోలేని పదం వచ్చినా రానట్టే. మన చెవికి అడ్డొచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి, తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లీషు పదం చివర మనకి తెలియకుండానే ఉకారం వచ్చి చేరుతుంది: బస్సు, రోడ్డు, బుక్కు. దీన్ని ఉపన్యాసం ఇచ్చి పోగొట్టలేం. 2011లో ఊరూవాడా ఊపేసిన కొలవెరి పాట పెట్టండి. తమిళ సినిమా కోసం ధనుష్ పాడిన ఆ పాటలో మూను, నైటు అంటూ ప్రతి ఇంగ్లీషు మాటకీ కావాలనే ఉకారం తగిలించారు. ఆ ఉకారాలు తీసేసి పాడమనండి. తీసేయగానే తాళం తప్పుతుంది. తాళం కలవాలంటే మూన్‌లో ఊకారాన్ని సాగదీయాలి, చివరి హల్లుని తేల్చి వదిలేయాలి. ఇంగ్లీషు వాళ్లు చేసేది అదే. పది నిమిషాల పని, పిల్లలు నెలల తరబడి మర్చిపోరు.

రెండోది, మాటలు కలిసిపోవడం. ఫైండ్ అవుట్ పాటలో ఫైండౌట్ అని, ఫాల్ అస్లీప్ అన్నది ఫాలస్లీప్ అని వినపడుతుంది. ఇంగ్లీషు టీచర్లు దీన్ని పెద్ద సమస్యగా చెబుతారు కానీ మన పిల్లలకి దీని మందు తెలుగు పీరియడ్‌లోనే ఉంది. రాముడు, ఎక్కడ కలిస్తే రాముడెక్కడ అవుతుందని వాళ్లకి ఎప్పుడో తెలుసు. బోర్డు మీద ఫాలస్లీప్ అని తెలుగులో రాసి, సంధి విడదీయండి అనండి. హల్లు మీద అచ్చు వచ్చి కూర్చోవడం వాళ్లకి వింతేమీ కాదు. నేను చూసిన క్లాసుల్లో ఇంగ్లీషులో వెనకబడిన పిల్లలు కూడా ఇందులో ముందుంటారు. సంధి సూత్రాలు వచ్చినవాళ్లకి ఇంగ్లీషు వినడం సులువు అని నేనంటే ట్రైనింగుల్లో నవ్వుతారు, చేసి చూశాక నవ్వరు.

తప్పు వినడం అనేది ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకీ ఉంది. జిమీ హెండ్రిక్స్ 1967 పాట పర్పుల్ హేజ్‌లో ఆకాశాన్ని ముద్దాడతానన్న లైనుని (కిస్ ద స్కై) ఇతన్ని ముద్దాడతానన్నట్టు (కిస్ దిస్ గై) వినేవాళ్లు లెక్కలేనంతమంది. మీ పిల్లలు ఏదైనా వింతగా విన్నారంటే కోప్పడకుండా బోర్డెక్కించండి. అసలు మాట పక్కన పెట్టి ఏ ధ్వని దగ్గర దారి తప్పారో వాళ్లనే పట్టుకోమనండి.

లిరిక్స్ కింద తెలుగు లిపిలో రాసుకోనివ్వాలా అని చాలామంది అడుగుతారు. మొదటి రోజు పెన్సిల్‌తో రాసుకోనివ్వండి, రెండో రోజు చెరిపించేయండి. అసలు వద్దంటే వెనకబడినవాళ్లు మొదట్లోనే చేతులెత్తేస్తారు. ఉంచేస్తే ఆ తెలుగు అక్షరాల్నే చదువుతారు, ఇంగ్లీషు వైపు చూడరు.

వ్యాకరణం సంగతి. పాటల్లో తప్పులుంటాయి కదా, పరీక్షలో అలాగే రాస్తే ఎలా అని హెడ్మాస్టర్లు అడుగుతారు. భయం సబబే. 1965లో వచ్చిన రెండు పాటలే చూడండి, బీటిల్స్ వాళ్ల టికెట్ టు రైడ్‌లో షీ డోంట్ కేర్ అని ఉంటుంది, రోలింగ్ స్టోన్స్ వాళ్ల శాటిస్‌ఫ్యాక్షన్ పాటలో కాంట్ గెట్ నో అని రెండు కాదులు పక్కపక్కన వస్తాయి. గొనా (గోయింగ్ టు), వానా (వాంట్ టు) అయితే ప్రతి రెండో పాటలో ఉంటాయి. హైస్కూల్లో అలాంటివి తక్కువ ఉన్న పాట ఎంచుకోండి. ఒకటీ అరా వస్తే, ఇది నోటి భాష, పేపర్లో ఇలా రాయాలి అని పక్కనే రాసి ముందుకెళ్లండి. గంటసేపు సంజాయిషీ ఇస్తే ఆ తప్పే గుర్తుంటుంది. డిగ్రీ పిల్లలకైతే ఆ తేడానే ఒక పాఠం చేయొచ్చు.

సామాను విషయంలో పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఫోను, ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు చాలు. మీ క్లాసురూంలో డిజిటల్ బోర్డు ప్యానెల్ ఉంటే సరే, కరెంటు పోతే మళ్లీ ఫోనే దిక్కు. నెట్ మీద ఆధారపడకండి, సరిగ్గా మీరు పాట ఆపి పిల్లలు అందుకోవాల్సిన చోట యాడ్ వస్తుంది. నెట్లో దొరికే లిరిక్స్‌లో తప్పులుంటాయి, జిరాక్స్‌కి ఇచ్చేముందు ఒకసారి వింటూ సరిచూసుకోండి. మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52 కింద పాఠం చెప్పే క్రమంలో టీచరూ విద్యార్థీ చేసుకునే నకళ్లకి మినహాయింపు ఉంది, కాబట్టి క్లాసు వరకు దిగులు లేదు. పిల్లలు పాడిన వీడియో వెనక ఒరిజినల్ ట్రాక్ పెట్టి యూట్యూబ్‌లో పెట్టడం మాత్రం వేరే కథ.

మీ గొంతు బాగోదని రాశారు. ఫర్వాలేదు. అసలు బాణీయే వద్దనుకుంటే లయ ఒక్కటీ వాడుకోండి. న్యూయార్క్‌లో ఇంగ్లీషు చెప్పిన కరోలిన్ గ్రాహమ్ 1978లో జాజ్ చాంట్స్ అని ఒక పుస్తకం వేశారు. రోజువారీ ఇంగ్లీషు మాటల్ని తాళానికి కట్టి పలికించడమే అందులోని పద్ధతి. మన దగ్గర బల్ల మీద దరువేయడం రాని పిల్లాడుండడు. హూ డు యు కౌంట్ ఆన్ అన్న ప్రశ్నని దరువు మీద ఒక వరస అడగడం, ఇంకో వరస జవాబు చెప్పడం, ఇంతే. ఏ మాట మీద దెబ్బ పడుతుందో ఆ మాటే వాక్యంలో బరువైనదని, డు, యు లాంటివి మధ్యలో తేలిగ్గా జారిపోతాయని దరువే నేర్పుతుంది.

ఇది ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఐఈఎల్‌టీఎస్‌కో జీఆర్‌ఈకో తయారయ్యేవాళ్లకి పాటలతో పదాలు నేర్పుతామనే కోచింగ్ ప్రకటనలు నమ్మకండి. పాటల్లో ఉండేవి అందరూ రోజూ వాడే మాటలు, ఆ పరీక్షలు అడిగేది వ్యాసాల్లో వచ్చే మాటలు. అవి చదివితేనే వస్తాయి. అలాగే పాడటమంటే ఒళ్లు చచ్చిపోయే పిల్లలు ప్రతి క్లాసులో కొందరుంటారు, వాళ్లని నిలబెట్టి పాడించకండి. బోర్డు మీద రాయడం, పాట ఆపే బాధ్యత, చరణం కట్టే గుంపులో లైన్లు రాసిపెట్టడం, ఏదో ఒకటి అప్పగించండి. చెవి సరిగ్గా వినపడని పిల్లలుంటే కాగితం మొదటే ఇవ్వండి, దరువు బల్ల మీద చెయ్యి పెట్టి తెలుసుకోగలరు.

చివరగా మార్కుల గురించి. ఎలాగూ ఏడాది మధ్య పరీక్షలైన ఫార్మేటివ్‌లో ప్రాజెక్టు పని చూపించాలి కదా, పిల్లల గుంపులు కట్టిన చరణాలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయించి అదే ప్రాజెక్టుగా పెట్టించండి. స్లిప్ టెస్ట్‌లో మాత్రం పాట లైను ఇచ్చి ఖాళీ పెట్టకండి. ఇలా ఇవ్వండి: మీ చెల్లెలికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, రెండు వాక్యాల్లో డాక్టరుకి చెప్పండి. టికెట్ కొనమని రేపు మీ నాన్నకి గుర్తు చేయాలి, మీ అన్నకి ఒక మెసేజ్ రాయండి. వర్షానికి మీ ఆటో ఆగిపోయింది, టీచరుకి ఫోన్ చేసి ఏం చెబుతారు? ఏ పాట పేరూ రాయొద్దు. జవాబుల్లో ఫాల్ అస్లీప్, రిమైండ్, స్టక్ ఎంతమంది రాస్తారో లెక్కపెట్టుకోండి. సగం మంది రాసినా మీ పాట పనిచేసినట్టే. రాకపోతే పాట మార్చే ముందు రెండో రోజు క్లాసు మార్చి చూడండి.